వదిన చీమలు, ఆడపడుచు కందిరీగలు

ఫిబ్రవరి 6

ఒసే కందిరీగా,

నువ్వు బాగున్నావని నమ్ముతూ, వేళకి తింటున్నావని మాత్రం నమ్మకుండా మీ వదిన రాస్తున్నది.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటనుకుంటావు. ఫోను మీ అన్నయ్య చొక్కా జేబులో ఉంటుంది. ఆయన మీద చాడీలు ఆయన జేబులోంచే చెప్పమంటావా? అందుకని వంటింటి గట్టు మీద కూర తరిగిన చోటే తడి తుడుచుకుని రాస్తున్నాను. కాగితం మీద మరక కనిపిస్తే అది కన్నీళ్ళు అనుకోకు, టమాటా.

మీ అన్నయ్య మందు కొట్టే పంపు మళ్ళీ అటక మీంచి దింపారు. మొన్న నేను దుకాణానికి వెళ్ళొచ్చేలోగా గేటు పక్క వరుసకి కొట్టేశారు కూడా. సాయంత్రానికి దగ్గు అందుకుంది. ఆ దగ్గు నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు హైస్కూల్లో ఉండగా తోటలో ఆయన కూలబడిపోయిన రోజున విన్నావు కదా. 'ఇంకోసారి ఆ మందు పీల్చారంటే ఈ ఊపిరితిత్తులకి నా దగ్గర మందు లేదు' అని డాక్టరమ్మ అప్పుడే తేల్చి చెప్పింది. ఆ మాట ఆవిడ నాకు చెప్పింది, ఆయనకి చెప్పింది. ఆయన మాత్రం వేరే ఎవరికో చెప్పిందనుకుంటారు.

సంగతేమిటంటే తోటకి పిండినల్లి పట్టింది. జామకాయల తొడిమల దగ్గర, కొమ్మల కణుపుల్లో తెల్లగా పిండి చల్లినట్టు పేరుకుపోయింది. అవి కార్చే జిగట మీద నల్లటి మసి. రసం ఫ్యాక్టరీ వాళ్ళు మొన్నటి లోడు సగం తిప్పి పంపారు. 'చీమల్ని నమ్ముకుని ఇన్నేళ్ళు గడిపాం, ఇక మందే గతి' అని కూర్చున్నారు మీ అన్నయ్య.

చీమల తప్పు లేదే. ఆ ఎర్రచీమలు చెట్లెక్కాకే కదా మనింట్లో మందు డబ్బా కనబడకుండా పోయింది. ఆకుల్ని దగ్గరికి లాగి గూళ్ళు కుట్టుకుని, గొంగళిపురుగునీ కాయ తొలిచే ఈగనీ ఒక్కదాన్ని బతకనివ్వవు. చెట్టుకీ చెట్టుకీ మధ్య వాటికి దారులుగా తాళ్ళు కట్టింది నువ్వేగా, నిచ్చెన మీద నిలబడి, నా మీద అరుస్తూ. కానీ ఈ పిండినల్లి జోలికి మాత్రం అవి పోవు. పైపెచ్చు చుట్టూ కాపలా తిరుగుతున్నాయి. ఎందుకో నీకే తెలియాలి, నీ ఉద్యోగం పురుగుల్తోనే కదా.

ఏదైనా దారి చెప్పు. ఆయన ఆ పంపు రెండోసారి భుజానికెత్తుకోక ముందే చెప్పు.

నీ జవాబు కోసం గేటు వంక చూస్తూ,
వదిన


ఫిబ్రవరి 15

వదినా,

నీ ఉత్తరం చూసి ముందు నవ్వొచ్చింది. రెండో పేజీకి వచ్చేసరికి గుండెల్లో రాయి పడింది. అన్నయ్యని ఎలాగైనా ఆపు. కాళ్ళు పట్టుకుని ఆపినా సరే, పంపు దాచి ఆపినా సరే.

ఇప్పుడు నువ్వు నమ్మని విషయం చెబుతాను. నువ్వు వదిలించుకోలేక చస్తున్న ఆ పిండినల్లిని నేనిక్కడ జీతం తీసుకుని పెంచుతున్నాను. మా గదిలో అరల నిండా గుమ్మడికాయలు. వాటి మీద పిండినల్లి. దాని మీద మా కందిరీగలు. ఆవగింజలో సగం కూడా ఉండవు, కుట్టవు, మనిషి వంక చూడనైనా చూడవు. నాకు కందిరీగ అని పేరుపెట్టినదానివి, వీటిని చూస్తే క్షమాపణ చెప్పుకుంటావు. వీటిని మా వాళ్ళు బదనికలంటారు. తల్లి కందిరీగ పిండినల్లి ఒంట్లో గుడ్డు పెట్టి పోతుంది. పిల్ల లోపలే పుట్టి, దాన్ని లోపల్నించే తిని, పెరిగి పెద్దదై, వీపున గుండ్రంగా కన్నం చేసుకుని ఎగిరిపోతుంది. అంతే, ఒక పిండినల్లి ఖాళీ.

వేసవిలో జరిగే రైతుల సమావేశానికి చీమనీ కందిరీగనీ పోల్చి ఒక ప్రసంగం తయారుచెయ్యమని మా పెద్దాయన పురమాయించారు. ఆయన ఈ పరిశోధన కేంద్రానికి అధికారి, ఎక్కువ మాట్లాడరు, మాట్లాడే పనులన్నీ నాకే అప్పజెబుతారు. అందుకే రోజంతా నా బుర్రలో ఈ రెండే. చీమది పెద్ద సంసారం. ఇల్లు కట్టడం, కాపలా, పిల్లల పెంపకం అన్నీ కలిసే చేస్తాయి. మనవాళ్ళు, పరాయివాళ్ళు అన్న లెక్క వాటికి ఉంది. మన పిండినల్లి కార్చే తీపి జిగట వాటికి పాడి లాంటిది, అందుకే కాపలా కాస్తున్నాయి. కందిరీగకి ఇల్లూ లేదు, వాకిలీ లేదు. ఒంటరిది. పిల్లని పరాయి ఒంట్లో వదిలేసి తన దారిన తను పోతుంది.

నిజానికి నేనూ ఆ జాతే కదా వదినా! అమ్మ పోతూ పోతూ నన్ను నీ ఇంట్లో వదిలి పోయింది. నీ వయసంతా తిన్నాను, రెక్కలొచ్చాక కన్నం చేసుకుని ఎగిరొచ్చాను. పాపం, డొల్లగా మిగిలింది నువ్వు.

సరే, పని మాట. వేరే పార్సిల్లో గాజు గొట్టాలు పంపుతున్నాను. లోపల తేనె చుక్క రాశాను, వారంలోగా వదిలెయ్యాలి. కానీ చీమలున్న చెట్టు మీద కందిరీగ వాలలేదు, వాలినా బతకదు. కనీసం చివరి వరుసలోనైనా తాళ్ళు విప్పి, గూళ్ళు కోసి అవతలి చెట్లకి మార్చి, మొదళ్ళకి బంక పట్టీలు చుట్టు. ఈ ఒక్క వరుసలో పని జరిగితే అన్నయ్య పంపు అటకెక్కుతుంది, మా పెద్దాయన దృష్టిలో నేనూ నిలబడతాను.

నేనే వద్దును, కానీ ఈ పురుగులకి ఆదివారాలు లేవు.

ప్రేమతో,
నీ కందిరీగ


ఫిబ్రవరి 24

అమ్మాయీ,

గొట్టాలు అందాయి. నీడలో పెట్టాను. మూత తియ్యలేదు.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపిద్దామని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. 'ఏమైంది?' అన్నారు. 'చేతిరాత అర్థం కావట్లేదు' అన్నాను.

నన్ను డొల్ల చేశావని నేనెప్పుడైనా అన్నానా? నీ నోటితోనైనా, ఆ నవ్వు కింద దాచి అయినా, ఆ మాట ఎలా వచ్చింది? అత్తగారు పోయేనాటికి నీకు పాలపళ్ళు ఊడుతున్నాయి. నేను కొత్తగా కాపురానికొచ్చాను. ఎవరో నా ఒంట్లో గుడ్డు పెట్టి పోలేదు. చెయ్యి చాచి నేనే తీసుకున్నాను. నాకు పిల్లల్లేరని పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు నలుగురూ జాలిపడితే, వాళ్ళకేం తెలుసులే అని నవ్వుకునేదాన్ని. ఆ నలుగురూ అనుకున్నట్టే నువ్వూ అనుకుంటున్నావన్నమాట.

చీమల మాటంటావా, వాటిని కదిలించను. నువ్వు చూస్తున్నది పుస్తకంలో చీమల్ని. ఆ గొట్టాల్లోవి నిన్నగాక మొన్న వచ్చాయి. ఈ చీమలు మీ అన్నయ్య ఊపిరి నిలబెట్టినవి. ఆ వరుస ఖాళీ చేశాక గొంగళిపురుగులు దిగితే ఆయన మందు కొట్టరని నువ్వు రాసిస్తావా? ఉన్న కాపలా తీసేసి రాబోయే కాపలా మీద భరోసా పెట్టుకోవడం నా వల్ల కాదు.

వేళకి తిను. కోపంలో ఉన్నా ఈ మాట రాయాలి కదా.

వదిన


మార్చి 5

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మీ మనసు నొప్పించినందుకు క్షమించగలరు. ఏదో నవ్వించబోయి రాసిన మాట అది. నేను మీకు ఎంత రుణపడి ఉన్నానో చెప్పాలనుకున్నాను. ఇక మీదట అటువంటి పోలికలు చెయ్యను.

మీ చీమల్ని కదిలించమని అడగడం నా పొరపాటు. ఆ తోట మీది, ఆ చీమలు మీవి. నిన్నగాక మొన్న వచ్చినవాటికి అక్కడ చోటు లేదని తెలుసుకున్నాను. మీ తోటలో ప్రయోగం జరగడం లేదని మా పెద్దాయనకి చెబుతాను. గొట్టాలు తిరిగి పంపనవసరం లేదు.

అన్నయ్యని మందు కొట్టనివ్వకండి. ఈ ఒక్కటి మాత్రం బతిమాలుకుంటున్నాను.

ఇట్లు,
మీ ఆడపడుచు


మార్చి 21

లక్ష్మీసమానురాలైన ఆడపడుచు గారి దివ్యసముఖమునకు,

'మీరు' అని రాశారు కనుక మేమూ మర్యాదగానే రాస్తున్నాం. నా చేత్తో జడలు వేయించుకున్నదానివి, నాకు 'గారు' తగిలిస్తావా? ఆ ఉత్తరం చదివి నేను అన్నం తినలేదు. మీ అన్నయ్య రెండుసార్లు అడిగి, నా ముఖం చూసి, మూడోసారి అడగకుండా పెరుగు గిన్నె నా ముందుకు తోసి వెళ్ళిపోయారు.

నిన్నగాక మొన్న వచ్చినవన్నది నీ గొట్టాల్ని. నిన్ను కాదు. అంత మాత్రం తెలియదా?

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరంతో ఒక సీసా పంపుతున్నాను, నీ కళ్ళతో నువ్వే చూసుకో. నీ కందిరీగలు తెచ్చిన నిర్వాకమిది. చివరి వరుసలో ఇన్నాళ్ళూ పిండినల్లి తెల్లగా మెత్తగా ఉండేది, గుడ్డతో తుడిస్తే పోయేది. ఇప్పుడు గోధుమ రంగులో గట్టి పొక్కుల్లా ఆకులకీ కొమ్మలకీ అతుక్కుని ఉంది. గోరుతో గీరితే గానీ రావట్లేదు. ఉన్న పీడ చాలదని ఇదో కొత్త పీడ. ఆ ఆకులు కొన్ని కోసి సీసాలో వేసి గుడ్డ కట్టాను. మిగతావి పోగేసి తగలబెట్టబోతున్నాను.

మీ అన్నయ్య కూడా చూశారు. 'సరే, ఇక ఎవరి మాటా వినను' అన్నారు. మందు డబ్బా కొత్తది తెచ్చుకున్నారు. సోమవారం మొదలుపెడతారట.

నిన్ను నమ్ముకున్నందుకు నాకిలా జరిగింది. ఎంత నమ్ముకున్నానో నీకు తెలియదులే, తెలియక్కర్లేదు కూడా.

వదిన, 'గారు' లేకుండా


మార్చి 27

వదినా, వదినా, వదినా!

మొదటి మాట: ఒక్క ఆకు కూడా తగలబెట్టకు. తగలబెట్టి ఉంటే మిగిలినవాటిని ముట్టుకోకు. సీసా అందిన గంటకే ఫోన్ చేశాను. అన్నయ్య ఎత్తాడు. 'మందు కొట్టొద్దు అన్నయ్యా, చివరి వరుస చూడు, ఆ పొక్కుల్లో ఉన్నవి మనవే' అన్నాను. 'సరే' అన్నాడు. అన్నయ్య 'సరే'కి ఎన్ని అర్థాలున్నాయో మనిద్దరికీ తెలుసు, అందుకే ఈ ఉత్తరం కూడా.

ఆ గోధుమ రంగు పొక్కులు కొత్త పీడ కాదు వదినా. చచ్చిన పిండినల్లులు. లోపల కందిరీగ పిల్ల పెరుగుతున్నప్పుడు పైచర్మం అలా గట్టిపడి పెంకవుతుంది. నేను రోజూ చూసేదే కాబట్టి నీకూ తెలిసినట్టే అనుకున్నాను. చీమ సంసారం గురించీ కందిరీగ ఒంటరితనం గురించీ పేజీలకి పేజీలు కబుర్లు రాశాను. నువ్వు చూడాల్సిన ఆనవాలు ఒక్కటి రాయలేదు. నన్ను ఏం చేసినా పాపం లేదు.

ఇక్కడ జరిగింది విను. ఫిబ్రవరిలో కోపంగా రాసిన నీ ఉత్తరం వచ్చాక నా మనసు పనిలో లేదు, మనిషిని ఉన్నానంతే. మా గదిలో బల్లల కాళ్ళ కింద నూనె కలిపిన నీళ్ళ గిన్నెలుంటాయి, ఇంటి చీమలు పైకెక్కకుండా. అవి నింపే పని నాది. చూసుకోలేదు, ఆరిపోయాయి. ఒకరోజు తలుపు తీసేసరికి గోడ వెంట నల్లచీమల బారు. గుమ్మడికాయల మీద పిండినల్లి నిక్షేపంగా ఉంది, కందిరీగ మాత్రం ఒక్కటీ మిగల్లేదు. కాపాడుకోవాల్సినదాన్ని కాపాడుకుని, మిగతాది శుభ్రం చేసి పోయాయి. నీ చీమల చుట్టాలేలే, పని మాత్రం అంతే పద్ధతిగా చేశాయి.

ఈ కందిరీగ జాతి ఇంకెక్కడా పెంచడం లేదు. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కుర్చీలో కూర్చుని ఖాళీ గొట్టాల్ని ఒక్కొక్కటే కడిగి బోర్లించారు. ఇక ఈ గది మూతేనని నాకు అర్థమైంది. నా ఉద్యోగం సంగతి సరే. నీకు పంపడానికి మళ్ళీ కందిరీగలుండవు, అన్నయ్య పంపు ఎత్తుకుంటాడు. నాకు అదొక్కటే కళ్ళముందు ఆడింది.

అప్పుడొచ్చింది నీ సీసా.

నువ్వు కట్టిన పల్చటి గుడ్డకి లోపలివైపు అవి నడుస్తున్నాయి. దారిలోనే పొక్కులు చిల్లి చేసుకుని బయటికొచ్చేశాయి. సీసా పెద్దాయన చేతికిచ్చాను. ఆయన దీపం దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు.

'ఎవరు పంపారమ్మా?'

'మా వదిన సార్.'

'ఎందుకు పంపారు?'

'తిట్టడానికి సార్.'

ఆయన నవ్వగా నేను చూడడం అదే మొదలు. నవ్వి, ఆకులు భూతద్దం కింద తిప్పి తిప్పి చూసి, 'చీమల్ని బాగా దూరం పెట్టారు మీ వదినగారు, లేకపోతే ఇన్ని కావు' అన్నారు. 'లేదు సార్, ఆవిడ ఒప్పుకోలేదు' అని నేను అంటూనే ఉన్నాను. అంటూ అంటూ ఆగిపోయాను.

వదినా, చీమలున్న చెట్టు మీద ఈ పెంకులు ఇలా తయారు కావు. ఒకటీ అరా కూడా కష్టం. నువ్వు తాళ్ళు విప్పావు. 'కదిలించను' అని నాకు రాసి, విప్పావు. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. పెద్దాయన నాకు మంచినీళ్ళ గ్లాసు పెట్టి, గది బయటికి వెళ్ళి నిలబడ్డారు.

నిన్ను డొల్ల అన్న నోరు నాది. అందులో దాగినది వెక్కిరింత కాదు, భయం. నీ దగ్గర్నుంచి అంత తీసుకున్నాను, తిరిగి ఇచ్చింది ఏమీ కనబడదు. అది సూటిగా రాయలేక పురుగు మీద పెట్టి రాశాను. ఇప్పుడు సూటిగా రాస్తున్నాను. నన్ను నువ్వు పెంచావు. నాకు దొరికిన అదృష్టాల్లో అదే పెద్దది.

నిజం చెప్పు. ఎప్పుడు విప్పావు?

నీ కందిరీగ


ఏప్రిల్ 4

ఒసే పిచ్చిదానా,

అవును, విప్పాను. ఏం చేస్తావు?

'కదిలించను' అని రాసిన ఉత్తరం పోస్టులో వేసి ఇంటికొచ్చాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే కిటికీలో నీ గొట్టాలు కనబడ్డాయి. చీమల్ని నమ్మాలా, నిన్ను నమ్మాలా అని కాసేపు కూర్చున్నాను. కాసేపే. చెప్పులు మళ్ళీ వేసుకుని నిచ్చెన తీసుకెళ్ళాను. గూళ్ళు కోస్తుంటే చీమలు మోచేతుల దాకా పట్టేశాయి. బంక పట్టీలు చుట్టి, గొట్టాల మూతలు తీసేసరికి చేతులు వాచి ఉంగరం రాలేదు. మీ అన్నయ్య చూసి అడిగితే ముళ్ళు గీసుకున్నాయన్నాను. జామచెట్టుకి ముళ్ళేమిటని ఆయన అడగలేదు. ఆ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చెయ్యగలిగింది ఇందుకే.

నీకు చెప్పకపోవడం ఎందుకంటావా? అంత గట్టిగా కాదని రాసి, సాయంత్రానికల్లా చేశానని ఎలా చెప్పుకోను? పనైతే చెబుదాం, కాకపోతే లేదు అనుకున్నాను. ఆ తర్వాత నీ 'మీరు' వచ్చింది. ఆపైన పొక్కులు. నమ్మి విప్పానే అని నా మీద నాకొచ్చిన మంట అంతా నీ సీసాలో పెట్టి మూత బిగించాను. ఆ సీసాతో వచ్చిన ఉత్తరం చించెయ్యి. సీసా మాత్రం ఉంచుకో.

ఇప్పుడు సోమవారం సంగతి. నేను ఆకులు పోగేస్తున్నాను, సగం మంటలో వేశాను కూడా. మీ అన్నయ్య ముఖానికి గుడ్డ కట్టుకుని, పంపు భుజానికెత్తుకుని, తొడుగులు వేసుకుని తయారయ్యారు. నేను వెళ్ళి గట్టు మీద అడ్డంగా నిలబడ్డాను. 'తప్పుకో' అన్నారు. 'తప్పుకోను' అన్నాను. ఆయన కోప్పడబోయి దగ్గారు. అదీ చాలాసేపు. ఆ గుడ్డ వెనకాల ఆయన కళ్ళు చూడలేకపోయాను. సరిగ్గా అప్పుడు ఆయన జేబులో ఫోను మోగింది. తొడుగులతో ఫోను తియ్యలేక నన్ను తియ్యమన్నారు. తీసి ఆయన చెవి దగ్గర పెట్టాను. నీ గొంతు నాకూ వినబడుతూనే ఉంది. ఆయన 'సరే' అన్నారు.

ఈ సారి 'సరే'కి సరే అనే అర్థం. పంపు దింపారు. చివరి వరుసకి వెళ్ళి, ముక్కాలిపీట వేసుకుని, నీ చిన్నప్పటి లెక్కల పెట్టెలోని భూతద్దం పట్టుకుని కూర్చున్నారు. నేను మంట ఆర్పి, మిగిలిన ఆకులన్నీ ఏరి నీడలో పరిచాను. పొద్దెక్కింది, టిఫిను చల్లారింది, లేవరు. చివరికి నన్ను గట్టిగా పిలిచారు. పరుగెత్తి వెళ్ళాను. పొక్కు వీపున చిన్న మూత లేచినట్టు లేచి, లోపల్నుంచి అది బయటికి వస్తోంది. రెక్కలు దులుపుకుంది. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. 'దీన్ని మన పిల్ల పంపిందా?' అన్నారు. 'అవును' అన్నాను. ఆయన ముఖం తిప్పుకున్నారు, నేనూ తిప్పుకున్నాను.

ఒక మాట. నీ చీమల పాఠం సగమే రాశావు. ఆకులు కుట్టేది పెద్ద చీమలు కాదు. పెద్దవి ఆకు అంచుల్ని లాగి పట్టుకుంటాయి, పిల్లని నోట కరుచుకుని తెచ్చి ఇటూ అటూ ఆడిస్తాయి. ఆ పిల్ల నోటి దారంతోనే ఇల్లు కుడతాయి. తన ఒంటికి చుట్టుకోవాల్సిన దారం అది ఇంటికి ఇచ్చేస్తుంది. నేను ఎన్నోసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ నువ్వే గుర్తొచ్చావు. బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ దించకుండానే కాయలు ఏరేదానివి. ఆటల వేళ నిచ్చెన మీద గడిపావు. మీ అన్నయ్య మంచాన ఉన్న ఏడాది ఈ ఇల్లు కుట్టింది నీ దారంతోనే. నువ్వేమో తిన్నానంటావు. నేనేమో నీ చిన్నతనం వాడుకున్నానని ఇన్నేళ్ళూ లోపల లోపల మథనపడ్డాను.

ఇక ఈ లెక్క ఇద్దరం కట్టేద్దాం. నువ్వు మా ఇంటికి చేసింది నేను మర్చిపోలేదు. నాకు కూతురు లేని లోటు ఎప్పుడూ తెలియలేదు.

ఇక మందు వద్దు కదా, మరి మిగతా వరుసల సంగతేమిటి? తొందరగా రాయి.

వదిన


మే 12

వదినా,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. నవ్వుకో.

మా గది మళ్ళీ కళకళలాడుతోంది. నీ సీసా పిల్లలు, వాటి పిల్లలు. ఆ అరకి 'వదిన గారి వరుస' అని పెద్దాయన చీటీ రాసి అంటించారు. గిన్నెలు పొద్దున ఒకసారి నేను చూస్తాను, సాయంత్రం ఆయన చూస్తారు. నా మీద నమ్మకం లేక కాదట, తనకి తోచక అట.

మిగతా వరుసల మాటకి మన ఇద్దరి బుర్రలూ కలిపితే తేలింది బాగానే పనిచేసినట్టుంది. ఒక్కో వరుసకి వంతులవారీగా తాళ్ళు విప్పడం, కందిరీగలు తమ పని చేసుకున్నాక మళ్ళీ కట్టడం. తిరిగొచ్చిన చీమలు, కాయడానికి పిండినల్లి లేకపోయేసరికి, గొంగళిపురుగుల మీద పడ్డాయని నువ్వు ఫోన్లో చెబితే, పెద్దాయనకి అదే మాట చెప్పాను. కాగితం తీసి రాసుకున్నారు.

నిన్న రైతుల సమావేశంలో మాట్లాడాను. నాలుగు బొమ్మలు చూపించి, చీమ ఏం చేస్తుంది, కందిరీగ ఏం చేస్తుంది అని వరసగా చెప్పాను. ముందు వరుసలో ఒక పెద్దావిడ చెయ్యెత్తి, 'ఇంతకీ రెంటిలో ఏది గొప్పది తల్లీ?' అని అడిగింది. రాసుకున్న జవాబు నా దగ్గర ఉంది, చీమ ఇది, కందిరీగ అది అని. అది వదిలేసి నీ సంగతి చెప్పాను. చీమలంటే ప్రాణం పెట్టే మనిషి వాచిన చేతులతో వాటి గూళ్ళు మార్చి, నిచ్చెన దిగొచ్చి, ఆ రాత్రి కంగారుతో పడుకుని ఉంటుందని చెప్పాను. ఏది గొప్పదో మా వదినకీ తెలియదు, నాకూ తెలియదు, కానీ రెంటికీ తన తోటలో చోటు చేసిందని చెప్పాను. అక్కడితో బొమ్మ మార్చేశాను. పెద్దావిడ తర్వాత నా దగ్గరికి వచ్చి, 'మీ వదినకి నా మాటగా చెప్పు, చల్లగా ఉండమని' అంది. చెబుతున్నాను.

నా ఉద్యోగం ఖాయం చేశారు. ఈ వార్త నీకు చివర్న రాస్తున్నాను, ఎందుకంటే ముందు రాస్తే మిగతా ఉత్తరం చదవకుండా వీధిలోకి పరుగెత్తి చాటింపేస్తావు.

అన్నయ్య దగ్గు ఎలా ఉంది? తనని అడిగితే 'ఏం దగ్గు?' అంటాడు. నువ్వు రాయి.

నీ కందిరీగ


జూన్ 3

కందిరీగా,

చివరి దాకా చదివాకే పరుగెత్తాను. వీధి మొదట్లో ఇస్త్రీ చేసే ఆయనతో సహా అందరికీ చెప్పేశాను. ఆయన నువ్వు టీచరమ్మవయ్యావనుకుంటున్నాడు. పోనీలే, సంతోషం ఒకటే కదా అని సరిదిద్దలేదు.

ఆ పెద్దావిడ దీవెన నాకు అందింది. అందరి ముందూ నా చేతుల వాపు గురించి చెప్పినందుకు మాత్రం నిన్ను కోప్పడాలి. వచ్చాక కోప్పడతాను. పెద్దాయన గారికి మా నమస్కారాలు చెప్పు. నువ్వు గది పాడుచేసుకున్న రోజున నిన్ను ఒక్క మాట అనని మనిషికి ఏమిచ్చి రుణం తీర్చుకోగలం? ఒక బుట్ట జామకాయలు పంపుతున్నాను. పైవరుసలో ఉన్నవి ఆయనకి, అడుగున ఉన్నవి నీకు. కొరుక్కుని తిను, కోసుకుని కాదు, రుచి పోతుంది.

కాయలు తేటగా వస్తున్నాయి. ఫ్యాక్టరీ వాళ్ళ మనిషి తొడిమ ఎత్తి చూసి, ఏమీ అనకుండా లోడు ఎక్కించుకున్నాడు. చీమలు తాళ్ళ మీద బారులు తీరుతున్నాయి. కందిరీగలు నా కంటికి ఆనవు, ఉన్నాయని నీ మాట మీద నమ్ముతున్నాను.

మందు డబ్బాని మీ అన్నయ్యే తీసుకెళ్ళి దుకాణంలో తిరిగిచ్చేశారు. నన్ను అడగలేదు, నాకు చెప్పలేదు.

దగ్గు సంగతి అడిగావు. ఇన్నేళ్ళుగా ఆయన తోటలోంచి వస్తుంటే గేటు చప్పుడు కన్నా ముందు దగ్గు వినబడేది. అది వినగానే స్టవ్ మీద పాలు పెట్టేదాన్ని. ఇవాళ ఈ ఉత్తరం రాస్తూ కూర్చున్నాను. తలెత్తి చూసేసరికి మీ అన్నయ్య వంటింట్లో నా వెనక నిలబడి, నీకు ఏం రాశానో చదువుతున్నారు.

ఎప్పుడొచ్చారో నాకు వినబడలేదు.

వదిన